ఆగ్నేయ మూలలో బోర్డర్ రౌటర్

నేను ఇంజనీరుని కాను. బీకాం చదివి రక్షణ ఖాతాల శాఖలో చేరి, మీరట్‌లో, పుణెలో, సికింద్రాబాదులో ముప్ఫై అయిదేళ్ళ పైచిలుకు ఇతరుల బిల్లులు పరీక్షించి రిటైరైన మనిషిని. వోచరు లేనిదే పైసా నమ్మకపోవడం ఉద్యోగం నేర్పింది. రుజువు లేనిదే మాట నమ్మకపోవడం హేతువాద ఉద్యమం నేర్పింది. ఈ రెండు అలవాట్లూ కలిసి మా ఇంట్లో ఒక చిన్న పెట్టె విషయంలో బాగా పనికొచ్చాయి. ఆ పెట్టెని బోర్డర్ రౌటర్ అంటారు. దాన్ని మూడు రకాల బోర్డుల మీద నడిపి చూశాను. ఎందుకు నడపాల్సి వచ్చిందో చెబితేగాని ఏం తేలిందో అర్థం కాదు కనుక ముందు అదే చెబుతాను.

మా అమ్మకి ఎనభై ఎనిమిదేళ్ళు. మతిమరుపు జబ్బు మొదలై నాలుగేళ్ళయింది. పగలు బాగానే ఉంటుంది. రాత్రి ఒంటిగంట దాటాక లేచి పెరటి తలుపు తీసుకుని బయటికి వెళ్తుంది. ఒకసారి కుళాయి వచ్చింది బిందె పెట్టాలంటుంది, ఒకసారి మా నాన్న స్టేషన్లో దిగి ఉంటాడు ఎదురెళ్ళాలంటుంది. నాన్న పోయి పంతొమ్మిదేళ్ళు. పెరటి గేటు దాటితే రోడ్డు, రోడ్డు మీద రాత్రంతా లారీలు.

తమ్ముడూ చెల్లెలూ కలిసి ఒక పరిష్కారం చెప్పారు. రాత్రిపూట అమ్మ గదికి బయట గడియ పెట్టడం. వాళ్ళకి అమ్మ మీద ప్రేమ లేక కాదు, భయం ఎక్కువై. నాకు మనసొప్పలేదు. లోపల జారిపడితే? బాత్‌రూముకి వెళ్ళాలని తలుపు కొడితే, మా ఇద్దరికీ మెలకువ రాకపోతే? అదీగాక ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి తన ఇంట్లో తాను తలుపు తోసి చూసి, అది రాకపోతే ఏమనుకుంటుంది? రెండు నెలలు గడువు అడిగాను. ఈలోగా తలుపు తెరుచుకున్న వెంటనే నా మంచం పక్కన గంట మోగే ఏర్పాటు చేస్తాను, అది నమ్మకంగా పనిచేయకపోతే గడియకి ఒప్పుకుంటాను అన్నాను.

మొదట బజార్లో దొరికే ఒక తలుపు అలారం కొన్నాం. కంపెనీ పేరు అనవసరం. తలుపు తెరిస్తే ఆ కబురు ఇంటర్నెట్ గుండా ఎక్కడో ఉన్న సర్వరుకి వెళ్ళి, అక్కణ్ణుంచి నా ఫోనుకి రావాలి. పెరటి తలుపుకీ నా మంచానికీ మధ్య దూరం ఇరవై అడుగులు. ఇంటర్నెట్ పోయిన రాత్రి అలారం కూడా పోయింది. అప్పుడు మా మేనల్లుడు (మా చెల్లెలి కొడుకు, ఇలాంటి పనుల్లోనే ఉద్యోగం) థ్రెడ్ గురించి చెప్పాడు.

థ్రెడ్ అంటే ఇంట్లో ఉండే చిన్న పరికరాల కోసం చేసిన మెష్ నెట్‌వర్క్. 2014లో కొన్ని కంపెనీలు కలిసి మొదలుపెట్టాయి. 2016లో నెస్ట్ వాళ్ళు దాని సోర్సుకోడుని ఓపెన్‌థ్రెడ్ పేరుతో బయటపెట్టారు. మెష్ అంటే వల. ప్రతి పరికరం నేరుగా ఒకే పెట్టెతో మాట్లాడక్కర్లేదు, పక్కవాడికి చెబితే పక్కవాడు ముందుకి పంపిస్తాడు. ఎప్పుడూ కరెంటుతో నడిచేవి, అంటే ప్లగ్గులూ బల్బులూ లాంటివి, రౌటర్లుగా ఉంటాయి. బ్యాటరీతో నడిచే తలుపు సెన్సరు లాంటిది ఎక్కువసేపు నిద్రలోనే ఉండి, పని పడినప్పుడు లేచి దగ్గరి రౌటరుకి కబురు చెప్పి మళ్ళీ పడుకుంటుంది. అందుకే రూపాయి బిళ్ళంత బ్యాటరీతో నెలల తరబడి నడుస్తుంది.

దీని రేడియో 802.15.4 అనే ప్రమాణం ప్రకారం పనిచేస్తుంది. వేగం సెకనుకి 250 కిలోబిట్లు, ఒక్కో విడతకి 127 బైట్లు మించకూడదు. కాని ఇంటర్నెట్ వాళ్ళ ఐపీవీ6 నియమం ప్రకారం ప్రతి దారీ కనీసం 1280 బైట్ల ప్యాకెట్టుని మోయగలగాలి. పెద్ద ఫైలుని ఇన్‌లాండ్ లెటర్లలో పంపినట్టు, దాన్ని ముక్కలు చేసి, 40 బైట్ల చిరునామా భాగాన్ని కుదించి పంపే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని సిక్స్‌లోప్యాన్ అంటారు. ఆ ప్రమాణాలు 2007లోనూ 2011లోనూ వచ్చాయి. ఈ కుదించిన లోకానికీ ఇంట్లోని మామూలు వైఫై, ఈథర్నెట్ లోకానికీ మధ్య గుమ్మంలో కూర్చునేదే బోర్డర్ రౌటర్. మా ఆఫీసులో ఇన్‌వార్డ్, అవుట్‌వార్డ్ సెక్షను లాంటిది. వచ్చిన కాగితం ఎవరిదో చూసి ఆ బల్లకి పంపడమే దాని పని, మంజూరు చేసే అధికారం దానికి లేదు.

ఇది చాలామందికి ఎక్కని సంగతి. బోర్డర్ రౌటర్ అంటే నెట్‌వర్క్‌కి తలకాయ అనుకుంటారు. మెష్‌లో లీడర్ అని ఒకటి ఉంటుంది, దాన్ని రౌటర్లు తమలోంచే ఎన్నుకుంటాయి. అది పోతే ఇంకొకటి లీడర్ అవుతుంది. బోర్డర్ రౌటర్ ప్లగ్గు పీకేసినా లోపలి పరికరాలు ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయి. కబురు బయటికి మాత్రం రాదు. నా మంచం పక్కన గంట మోగించే పని పాత లాప్‌టాప్ ఒకదానికి అప్పజెప్పాం కనుక, మాకు కబురు బయటికి రావడమే ముఖ్యం.

మేనల్లుడు మొదట బిగించింది రాస్‌బెర్రీ పై 4. దానికి ఎన్‌ఆర్‌ఎఫ్52840 చిప్పు ఉన్న యూఎస్‌బీ డాంగిల్ తగిలించాడు. ఈ ఏర్పాట్లో డాంగిల్ రేడియో పని మాత్రమే చేస్తుంది, థ్రెడ్ తెలివంతా పై మీద లినక్సులో నడుస్తుంది. హాలులో ఆగ్నేయం మూల ప్లగ్ పాయింటు ఖాళీగా ఉంటే అక్కడ పెట్టాడు. పక్కింటి వైఫైలన్నీ 1, 6, 11 ఛానళ్ళ మీద ఉన్నాయని చూసి, థ్రెడ్‌కి 25వ ఛానల్ ఇచ్చాడు. అది వాటన్నిటికీ పైన, 2475 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఇంట్లో మూడు ప్లగ్గులు రౌటర్లుగా, పెరటి తలుపుకి సెన్సరు. పగలు పరీక్షిస్తే తలుపు తెరిచిన రెండు సెకన్లలో గంట.

రాత్రిళ్ళు మాత్రం గంట ఒక్కోసారి అరనిమిషం ఆలస్యంగా మోగేది, ఒకటి రెండుసార్లు మోగనేలేదు. అరనిమిషంలో అమ్మ గేటు దగ్గరికి చేరిపోతుంది. మా ఆవిడ తలుపు చప్పుడుకి లేచింది కాబట్టి సరిపోయింది.

సరిగ్గా అప్పుడే తమ్ముడు వచ్చాడు. పెట్టెని చూసి, “అన్నయ్యా, నువ్వు నమ్మవని తెలుసు. కాని అది ఆగ్నేయం. అగ్నిస్థానంలో ఇలాంటిది పెడితే కబురు కాలిపోతుంది. మా సిద్ధాంతి గారిని ఫోన్లో అడిగాను, ఈశాన్యంలో పెట్టమన్నారు” అన్నాడు. ఈశాన్యం అంటే మా దేవుడి గది. నేను వాదించలేదు. పెట్టె జరపడం ఉచితం, పరీక్షించడమూ ఉచితం. జరిపాం. వారం రోజులు ఒక్క కబురూ తప్పలేదు.

తమ్ముడి ముఖం చూడాలి! చెల్లెలికి ఫోను, బావగారికి ఫోను. అమ్మ గది తలుపు కూడా వాస్తు ప్రకారం అటు తిప్పిస్తే అసలు జబ్బే తగ్గుతుందన్న మాట కూడా మొదలైంది. నవ్వి వదిలేసే సంగతి కాదని నాకు అప్పుడే అనిపించింది. పెట్టె ఎందుకు బాగుపడిందో తెలియకుండా దాన్ని నమ్మి పడుకుంటే, పాత కారణం ఎప్పుడైనా మళ్ళీ రావచ్చు. ఆ రాత్రి గంట మోగదు. ఫలితం కనబడింది కాబట్టి కారణం కూడా ఒప్పుకోమనడం, మొత్తం సరిపోయింది కాబట్టి వోచర్లు అడగొద్దనడం లాంటిదే.

పెట్టె జరిపినప్పుడు ఇంకేమేం మారాయో ఒక కాగితం మీద రాశాను. దిక్కు మారింది. తలుపుకి దూరం కాస్త మారింది. గోడల లెక్క మారింది. నాలుగోది తమ్ముడు గమనించనిది. ఆగ్నేయం మూలలో పై పక్కనే, దాని యూఎస్‌బీ 3 సాకెట్టుకి ఒక పెద్ద హార్డ్ డిస్కు తగిలించి ఉండేది. రాత్రి ఒంటిగంటకి ఇంట్లోని ఫొటోలన్నీ దానిలోకి నకలు అయ్యేవి. దేవుడి గదిలో ఒక్కటే సాకెట్టు ఉంది, డిస్కుకి వేరే అడాప్టరు కావాలి, కనుక డిస్కు హాల్లోనే ఉండిపోయింది. ఆ వారం నకళ్ళు తీయలేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

యూఎస్‌బీ 3 వైర్ల నుంచి, కనెక్టర్ల నుంచి 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రేడియో రొద వెలువడుతుందని ఇంటెల్ వాళ్ళే 2012లో ఒక పత్రంలో రాశారు. ఆ రొద ఒక ఛానల్‌కి పరిమితం కాదు, వెడల్పుగా పరుచుకుంటుంది. అంటే 25వ ఛానల్ ఎంచుకున్నా ఉపయోగం లేదు. డాంగిల్ ఆ సాకెట్టుకి అంగుళం దూరంలో ఉంది. పెళ్ళి బాజాల పక్కన కూర్చుని ఫోన్లో మాట్లాడినట్టు, డాంగిల్ చెప్పేది అవతల వినబడుతుంది, అవతలివాళ్ళు చెప్పేది దానికి వినబడదు.

ఇదీ ఒక ఊహే, వాస్తు లాగే. కాకపోతే దీన్ని పరీక్షించవచ్చు. నకలు పనిని పగటికి మార్చి, తమ్ముడు ఇంట్లో ఉండగానే పరీక్ష పెట్టాను. రెండు మూలలు, డిస్కు నడుస్తూ ఒకసారి, ఆపేసి ఒకసారి. మొత్తం నాలుగు రకాలు. ఒక్కో రకానికి ఇరవైసార్లు తలుపు తెరవాలి. తెరిచేది మా ఆవిడ, తన వాచీ చూసి తన పుస్తకంలో వేళ రాసుకుంటుంది. డిస్కు నడుస్తోందో లేదో ఆవిడకి చెప్పను. నేను పడగ్గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని గంట మోగిన వేళ రాస్తాను, తలుపు నాకు కనబడదు. రెండు పుస్తకాలూ సాయంత్రం తమ్ముడి చేత టాలీ చేయించాను. ఐదు సెకన్ల లోపు వస్తే వచ్చినట్టు, లేకపోతే తప్పినట్టు. కోవూర్ గారు 1963లో లక్ష రూపాయల పందెం పెట్టినప్పుడు మోసానికి తావులేని పరిస్థితులు ఉండాలన్నారు. మన దగ్గర లక్ష లేదుగాని పరిస్థితులకి ఖర్చేముంది?

ఆగ్నేయంలో డిస్కు నడుస్తుంటే ఇరవైకి పన్నెండు. ఆగ్నేయంలోనే డిస్కు ఆపితే ఇరవైకి ఇరవై. దేవుడి గదిలో డిస్కు లేకుండా ఇరవైకి ఇరవై. దేవుడి గదిలోకి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి డిస్కు తగిలించి నడిపితే ఇరవైకి పదమూడు. ఆ తరవాత ఐదో రకం కూడా చేశాం. ఆగ్నేయంలోనే, డిస్కు నడుస్తుండగానే, డాంగిల్‌ని ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా పెట్టాం. ఇరవైకి ఇరవై. వైరు ఖరీదు సిద్ధాంతి గారి ఫోను సంప్రదింపు రుసుములో నాలుగో వంతు.

తమ్ముడు అంకెలు తనే కూడి చూసుకున్నాడు. కాసేపు ఆగి, “ఒకసారి ఈశాన్యంలో పెట్టి తీశాం కదా, దోషం పోయి ఉంటుంది. అందుకే ఇప్పుడు ఆగ్నేయంలోనూ పనిచేస్తోంది” అన్నాడు. డిస్కు పెట్టగానే దేవుడి గదిలోనే ఏడు ఎందుకు తప్పాయిరా అంటే, “నీతో వాదించలేను అన్నయ్యా” అన్నాడు. ఆ మాటతో ఇంట్లో గొడవ రాలేదు. వాడు అమ్మకి అన్నం కలిపి పెట్టడానికి లేచి వెళ్ళాడు.

ఇంతవరకు వాస్తు మీద రాశాను గాని, మేనల్లుడి స్నేహితుల మాటలు కూడా నాకు అంతే వింతగా అనిపించాయి. ఒకడు “పై వద్దంకుల్, అది ఇలాంటి పనులకి నిలబడదు” అన్నాడు. ఇంకొకడు “ఆ డాంగిల్ చిప్పు మంచిది కాదు, ఇంకో కంపెనీది కొనండి” అన్నాడు. కొలిచినవాడు ఒక్కడూ లేడు. అందుకని వేరే బోర్డుల మీద కూడా నడిపి చూడాలనిపించింది. మేనల్లుడి అటక మీద 2013 నాటి బీగిల్‌బోన్ బ్లాక్ ఒకటి ఉంటే తెచ్చాడు. గిగాహెర్ట్జ్ ప్రాసెసరు ఒక్కటి, మెమరీ 512 మెగాబైట్లు, యూఎస్‌బీ సాకెట్టు ఒక్కటే, అదీ పాత 2.0. దాని మీదే సాఫ్ట్‌వేర్ కంపైల్ చేయడం మొదలుపెడితే పొద్దుటి కాఫీ నుంచి మధ్యాహ్నం భోజనం దాకా పట్టింది. కాని ఒకసారి లేచాక, అదే డాంగిల్‌తో, ఆగ్నేయంలోనే, ఇరవైకి ఇరవై.

మూడోది ఎస్‌ప్రెసిఫ్ వాళ్ళ బోర్డు. అందులో ఈఎస్‌పీ32-ఎస్3 అనే చిప్పు వైఫై చూసుకుంటూ థ్రెడ్ పని నడిపిస్తుంది, పక్కనే ఈఎస్‌పీ32-హెచ్2 రేడియోగా ఉంటుంది. లినక్సు లేదు, మెమరీ కార్డు లేదు. ఎస్3 చిప్పు లోపలి మెమరీ 512 కిలోబైట్లు. పై బోర్డుకి ఉన్న 4 గిగాబైట్ల పక్కన పెడితే మన జేబులో చిల్లర. అయినా తలుపు కబురు మోయడానికి అది చాలు. దాంతోనూ ఇరవైకి ఇరవై. పనిలో పనిగా, ఆ బోర్డుని నడుస్తున్న హార్డ్ డిస్కు వైరుకి ఆనించి కూడా పెట్టి చూశాను. మళ్ళీ కబుర్లు తప్పడం మొదలైంది. కంపెనీ మారినా, చిప్పు మారినా, రొద పక్కన పెడితే అన్నిటికీ ఒకటే చెవుడు.

ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకి మారడం ఎంత తేలికో చూసి ఆశ్చర్యపోయాను. నెట్‌వర్క్ వివరాలన్నీ, అంటే పేరు, ఛానల్, రహస్య తాళం, చిరునామా మొదలైనవి, డేటాసెట్ అనే ఒక పొడుగాటి అక్షరాల వరసలో ఉంటాయి. బదిలీ అయిన ఉద్యోగి చేతికి ఎల్‌పీసీ ఇస్తాం చూడండి, అలాంటిది. ఆ వరసని పై మీంచి తీసి కొత్త బోర్డుకి ఇస్తే అది అదే నెట్‌వర్క్‌లో చేరిపోతుంది. తలుపు సెన్సరుని ముట్టుకోనక్కర్లేదు. రెండు బోర్డర్ రౌటర్లు ఒకేసారి కూడా ఉండొచ్చు. ఒకటి పోతే సెన్సరు రెండోదాని దగ్గర తన పేరు నమోదు చేసుకుంటుంది, లాప్‌టాప్ పేరు పట్టుకునే వెతుకుతుంది కనుక చిరునామా మారినా దొరుకుతుంది.

బోర్డుల మధ్య నిజమైన తేడా బయటపడింది కరెంటు పోయినప్పుడు. పై మళ్ళీ లేచి అన్ని పనులూ మొదలుపెట్టేసరికి నిమిషం పైన. అర్ధంతరంగా కరెంటు పోతే మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదం ఒకటి. ఈఎస్‌పీ బోర్డు కొన్ని సెకన్లలో లేచి కూర్చుంటుంది. దీనికంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. మెష్ తనని తాను బాగుచేసుకుంటుందని పెట్టెల మీద అచ్చువేస్తారు. అది ఒక రౌటర్ పోతే ఇంకో రౌటర్ బతికుందన్న లెక్క మీద చెప్పిన మాట. మా వీధిలో కరెంటు పోతే ఒక్క ప్లగ్గు కాదు, మూడు ప్లగ్గులూ ఒకేసారి పోతాయి. బ్యాటరీ ఉన్న సెన్సరు మేలుకునే ఉంటుంది, దాని మాట వినేవాడు ఉండడు. పెట్టె మీద రాసినవాడు ఎండాకాలం మన ఊళ్ళో ఉన్నట్టు లేడు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, తలుపు దగ్గరి ప్లగ్గునీ రెండు బోర్డర్ రౌటర్లనీ వైఫై పెట్టెనీ ఇన్వర్టరు లైను మీదకి మార్పించాను. ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ డబ్బు దానికే అయింది, ఎక్కువ ప్రయోజనం కూడా దానివల్లే.

పక్కింటాయన ఒకరు, ముసలావిడ ఉన్న ఇంట్లో ఇన్ని రేడియోలు పెడితే రేడియేషన్ కదా అన్నారు. ఆ డాంగిల్ గరిష్ఠంగా వెదజల్లేది ఆరు మిల్లీవాట్ల చిల్లర. చెవి దగ్గర పెట్టుకునే మొబైలు వందల మిల్లీవాట్ల దాకా వెళ్తుంది. ఆయన ఆ మాట అడిగింది మొబైల్లోనే.

పోయిన వేసవిలో ఒక రాత్రి మూడు గంటల ఇరవై నిమిషాలకి గంట మోగింది. కరెంటు లేదు, ఇంటర్నెట్టూ లేదు. నేను పెరట్లోకి వెళ్ళేసరికి అమ్మ తులసికోట దగ్గర ఉంది, చేతిలో ఇత్తడి చెంబు. “ఒరేయ్, నువ్వెందుకు లేచావు? పొద్దున్నే ఆఫీసు ఉంది కదా” అంది. కుళాయి ఇంకా రాలేదమ్మా, వచ్చాక నేను పడతానులే అన్నాను. సరేనని వచ్చి పడుకుంది. గేటు దాకా వెళ్ళలేదు. పొద్దున రిజిస్టరు చూస్తే తలుపు తెరుచుకున్న రెండో సెకనుకి గంట మోగినట్టు ఉంది.

గడియ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నెలకోసారి, ఏ రోజో ముందు చెప్పకుండా, రెండింటిలో ఒక బోర్డర్ రౌటర్ ప్లగ్గు పీకేసి మా ఆవిడ చేత తలుపు తెరిపిస్తాను. ఆఫీసులో నగదు పెట్టె మీద సర్‌ప్రైజ్ చెక్ చేసేవాళ్ళం, అలాగే. తమ్ముడు వాళ్ళ అత్తగారికీ ఈమధ్య రాత్రిళ్ళు లేచి తిరగడం మొదలైందట, అక్కడా ఇలాంటిది పెట్టించమంటున్నాడు. పెట్టె ఏ మూలలో ఉండాలో సిద్ధాంతి గారిని కనుక్కుని చెబుతానన్నాడు. కనుక్కోమన్నాను. ఆయన ఏ మూల చెప్పినా సరే, పెట్టెతో పాటు మీటరు పొడుగు వైరు ఒకటి పంపిస్తాను.